షుగర్ రిపోర్టు వెనుక ఉన్న చదువు: ల్యాబ్ టెక్నాలజీ కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

ఒక మండల కేంద్రంలోని చిన్న రక్త సేకరణ కేంద్రాన్ని ఊహించుకుందాం. ఉదయం ఏడు గంటలకు యాభై ఏళ్ల రైతు ఒకరు పరగడుపున షుగర్ పరీక్షకు రక్తం ఇచ్చారు. ఆ సమయంలో ఆయన రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 128 మిల్లీగ్రాములు ఉంది. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం పరిధిలోకి వచ్చినట్టు. రక్తాన్ని మామూలు ట్యూబులో తీసి బల్ల మీద ఉంచారు. శాంపిళ్లను పట్టణానికి తీసుకెళ్లే బైకు పది గంటలకు వచ్చింది.

శరీరం నుంచి బయటికి వచ్చినా రక్తంలోని కణాలు బతికే ఉంటాయి. తమ అవసరానికి గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రత వద్ద గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చొప్పున గ్లూకోజ్ తగ్గిపోతుంది. ఎండాకాలంలో ఈ వేగం ఇంకా పెరుగుతుంది. గంటకు 6 శాతం చొప్పున లెక్కేస్తే మూడు గంటల్లో 128 కాస్తా 106కు చేరుతుంది. పట్టణంలోని ల్యాబ్‌లో ఉన్న ఖరీదైన యంత్రం ఆ 106ను ఉన్నది ఉన్నట్టుగా ముద్రిస్తుంది. "ప్రస్తుతానికి షుగర్ వ్యాధి లేదు, తిండి విషయంలో కాస్త జాగ్రత్త" అన్న మాట విని ఆ రైతు ఇంటికి వెళ్లిపోతారు. అవసరమైన చికిత్స ఒకటి రెండేళ్లు వెనక్కి పోతుంది.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఫ్లోరైడ్ కలిపిన బూడిదరంగు మూత ట్యూబులో రక్తం తీసుకుని ఉంటే గ్లూకోజ్ వినియోగం చాలావరకు ఆగేది. లేదా ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను వేరు చేసి ఉంటే సరిపోయేది. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ గదిలో లేకపోవడమే జరిగిన లోపం. వైద్య పరీక్షల్లో దొర్లే పొరపాట్లలో సగానికి పైగా శాంపిల్ యంత్రం దాకా చేరకముందే జరుగుతాయని వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. వాటిని ఆపగలిగేది సరైన శిక్షణ పొందిన ల్యాబ్ టెక్నీషియనే. అందుకే ఇంటర్ పూర్తి చేసిన విద్యార్థి ఏ కాలేజీలో ఈ చదువు చదవాలన్నది ఆ ఇంటి వ్యవహారం మాత్రమే కాదు. రేపు అతని చేతికి తమ రక్తం అప్పగించే వేలమందికీ అందులో వాటా ఉంటుంది.

ఏయే దారులు ఉన్నాయి?

మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలోకి రావడానికి మన రాష్ట్రాల్లో ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా, అంటే డీఎంఎల్‌టీ. రెండోది బీఎస్సీ ఎంఎల్‌టీ. ఇందులో మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఇంటర్ వృత్తి విద్యలోనూ ఎంఎల్‌టీ కోర్సు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డిప్లొమా కోర్సులను ఆయా రాష్ట్రాల పారామెడికల్ బోర్డులు చూస్తాయి. డిగ్రీ కోర్సులు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయాల పరిధిలోకి వస్తాయి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, పుదుచ్చేరి జిప్మర్, చండీగఢ్ పీజీఐ, వేలూరు సీఎంసీ వంటి పెద్ద వైద్య సంస్థలూ ఈ రంగంలో కోర్సులు నడుపుతున్నాయి.

ఈ పెద్ద సంస్థలన్నిటికీ ఒక పోలిక ఉంది. తరగతి గది, పెద్ద ఆసుపత్రి ఒకే ఆవరణలో ఉంటాయి. పాఠం విన్న విద్యార్థి నాలుగు అడుగులు వేస్తే నిజమైన శాంపిల్ ముందు నిలబడతాడు. అయితే వీటిలో సీట్లు పరిమితం. ఎక్కువమంది చేరేది జిల్లా కేంద్రాల్లోని ప్రైవేటు కాలేజీల్లోనే. అసలు ఎంపిక సమస్య అక్కడే మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: పేరు రిజిస్టరులోకి ఎక్కుతుందా?

నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టాన్ని పార్లమెంటు 2021లో ఆమోదించింది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులకు ఎప్పటినుంచో ఉన్న చట్టబద్ధమైన గుర్తింపు వంటిది ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ వంటి విభాగాల్లో పనిచేసేవారికి జాతీయ స్థాయిలో లేకపోవడమే దీనికి నేపథ్యం. ఈ వృత్తులను చట్టం పది వర్గాలుగా విభజించింది. అందులో మొదటిది మెడికల్ ల్యాబొరేటరీ, జీవశాస్త్రాల వర్గం. జాతీయ రిజిస్టర్, రాష్ట్రాల రిజిస్టర్లు ఉండాలని, వాటిలో పేరు నమోదైనవారే వృత్తి చేయాలని చట్టం చెబుతోంది.

ఈ చట్టంలోని ఒక అంకె విద్యార్థులకు బాగా ఉపయోగపడుతుంది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్‌గా గుర్తింపు రావాలంటే డిప్లొమా గానీ డిగ్రీ గానీ రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల శిక్షణతో ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అయితే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటలు. దీన్ని దగ్గర పెట్టుకుని కాలేజీ టైంటేబుల్‌ను చూడాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు గంటలు తరగతులు, ప్రాక్టికల్స్ జరిగితే 2,000 గంటలు 56 వారాల్లో పూర్తవుతాయి. రెండేళ్లలో సెలవులు పోనూ ఇది తేలికే. అదే "శని, ఆదివారాలు వస్తే చాలు" అనే చోట, ఏడాది పొడవునా ఒక్క వారం మానకుండా రోజుకు ఆరు గంటలు నడిపినా రెండేళ్లకు 1,248 గంటలే అవుతాయి. లెక్క కుదరదు.

"ఇంట్లోనే చదివి పరీక్ష రాయండి" అనే ప్రకటనల సంగతి ఇంకా స్పష్టం. పారామెడికల్ కోర్సులను దూరవిద్యలో నడపకూడదని యూజీసీ 2020 నాటి నిబంధనల్లోనే ఉంది. పైన చెప్పిన 2021 చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ అందించరాదని యూజీసీ మళ్లీ ఆదేశించింది.

గుర్తింపును ఆరా తీసేటప్పుడు "కాలేజీకి గుర్తింపు ఉందా?" అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. అనుమతి అనేది కాలేజీకి, కోర్సుకు, సీట్ల సంఖ్యకు, ఆ విద్యా సంవత్సరానికి విడివిడిగా ఉంటుంది. ఒక కోర్సుకు అనుమతి ఉన్న సంస్థ దాని పేరు మీద మరో కోర్సులోనూ చేర్చుకోవచ్చు. అరవై సీట్లకు అనుమతి ఉంటే తొంభై మందిని కూర్చోబెట్టవచ్చు. కాబట్టి కాలేజీ గోడ మీది బోర్డును కాకుండా పారామెడికల్ బోర్డు లేదా విశ్వవిద్యాలయం విడుదల చేసిన జాబితాను చూడాలి. బెంగళూరు, చెన్నైలకు వెళ్లి చదవాలనుకునేవారు, ఆ సర్టిఫికెట్‌తో సొంత రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ వస్తుందో లేదో ఇక్కడి బోర్డును ముందే అడిగి తెలుసుకోవాలి. గల్ఫ్ దేశాల్లో ల్యాబ్ ఉద్యోగాలకు వెళ్లేవారి డిగ్రీలను, వాటిని ఇచ్చిన సంస్థకే రాసి అక్కడి అధికారులు ధ్రువీకరించుకుంటారు. అడిగినప్పుడు జవాబిచ్చే సంస్థ లేకపోతే ఆ కాగితానికి విలువ ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ఒక పూట ఆరా తీయడం మేలు.

రెండో ప్రశ్న: చేతికి ఎన్ని శాంపిళ్లు వస్తాయి?

గుర్తింపు ఉంటే చట్టం అడ్డు తొలగినట్టే. కానీ నైపుణ్యం గుర్తింపు పత్రంతో రాదు. నరం దొరకని పెద్దవారి చేతిలో నొప్పి లేకుండా సూది దించడం పుస్తకంలో నేర్చుకునే విద్య కాదు. దానికి మనుషులు కావాలి, పక్కనే నిలబడి సరిదిద్దే సీనియర్ కావాలి.

అందుకే కాలేజీకి అనుబంధంగా ఏ ఆసుపత్రి ఉంది, అక్కడ రోజుకు ఎంతమంది రక్తం ఇస్తారు, ఒక విడతలో ఎంతమంది విద్యార్థులను పంపుతారు అనేవి అడగాలి. రెండు ఊహా కాలేజీలను పోల్చి చూద్దాం. మొదటిదానికి అనుబంధ ఆసుపత్రిలో రోజుకు 150 మంది రక్తం ఇస్తారు. ఎక్కువమందికి సిబ్బందే తీసినా 50 మందికి విద్యార్థులు తీసే అవకాశం ఉందనుకుందాం. ఇరవై మంది విద్యార్థులు ఉంటే ఒక్కొక్కరికి రోజుకు రెండున్నర, నెలకు 25 పనిదినాల్లో అరవైకి పైగా. రెండోదాని ఆసుపత్రికి రోజుకు 15 మందే వస్తారు. అందులో అయిదుగురు విద్యార్థుల వంతు. అదే ఇరవై మంది ఉంటే నెలకు ఒక్కొక్కరికి దక్కేది ఆరు. ఫీజు రెండు చోట్లా ఒకటే కావచ్చు. మొదటి కాలేజీలో నెలరోజుల్లో నేర్చుకున్నది రెండో కాలేజీలో పది నెలలకు గానీ రాదు.

మైక్రోస్కోపుల విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. మలేరియా అనుమానంతో వచ్చిన రక్తపు చుక్కలో పరాన్నజీవి లేదని చెప్పే ముందు మందపాటి స్మియర్‌లో కనీసం వంద ఫీల్డులు చూడాలన్నది నియమం. అంటే కటకం కింద కనిపించే గుండ్రటి దృశ్యాన్ని వందసార్లు జరుపుతూ ప్రతిదాన్నీ వెతకాలి. ముప్పై మంది విద్యార్థులకు అయిదు మైక్రోస్కోపులు ఉంటే రెండు గంటల ప్రాక్టికల్‌లో ఒక్కొక్కరికి దక్కేది ఇరవై నిమిషాలు. స్లైడును సరిచేసుకునే సమయం పోతే ఓపికగా ఒకటి రెండు స్లైడులు చూడగలరు. పది మైక్రోస్కోపులు ఉంటే నలభై నిమిషాలు. "అధునాతన ప్రయోగశాల" అనే మాటకన్నా ఈ భాగహారం ఎక్కువ నిజం చెబుతుంది.

ఖరీదైన ఆటోమేటిక్ ఎనలైజర్లను చూసి మురిసిపోనక్కర్లేదు. అది పనిచేస్తోందా, దానికి రియేజెంట్లు ఉన్నాయా, విద్యార్థి దాని మీద స్వయంగా శాంపిల్ పెడతాడా అన్నది ముఖ్యం. గుడ్డ కప్పి ఉంచిన యంత్రం ప్రారంభోత్సవం ఫొటోకే పనికొస్తుంది.

మూడో ప్రశ్న: తప్పును పట్టుకోవడం నేర్పుతారా?

యంత్రాలు పెరిగేకొద్దీ టెక్నీషియన్ పని సులువైందని చాలామంది అనుకుంటారు. నిజానికి పని స్వభావం మారింది. అంకెను యంత్రం ఇస్తుంది, ఆ అంకెను నమ్మవచ్చా లేదా అన్నది మనిషి తేల్చాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రక్తంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ వరకు ఉంటుంది. బాగా పెరిగితే గుండె లయ దెబ్బతిని ప్రాణాపాయం రావచ్చు. ఒక రిపోర్టులో అది 7.5 వచ్చిందనుకుందాం. డాక్టరుకు ఫోన్ చేసే ముందు శిక్షణ పొందిన టెక్నీషియన్ రెండు విషయాలు చూస్తాడు. మొదటిది సీరం రంగు. ఎర్ర రక్తకణాల లోపల పొటాషియం బయటి ప్లాస్మాలో కన్నా ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. సిరంజిని గట్టిగా లాగినా, ట్యూబును విసురుగా ఊపినా కణాలు చిట్లి అది బయటికి వస్తుంది. అప్పుడు సీరం గులాబీ రంగులోకి మారుతుంది. రెండోది కాల్షియం అంకె. రక్తకణాల పరీక్షకు వాడే ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనపు పొటాషియం లవణం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఆ ట్యూబులోని రక్తం కొంచెం పొరపాటున ఇందులో కలిస్తే పొటాషియం పైకి, కాల్షియం నమ్మలేనంత కిందికి పోతాయి. రెండూ ఒకేసారి కనిపిస్తే శాంపిల్‌ను మళ్లీ తీయించాలి. ఈ అనుమానం రాకపోతే లేని జబ్బుకు చికిత్స మొదలవుతుంది. మామూలుగా ఉన్న పొటాషియాన్ని మందులతో కిందికి దించడం కూడా ప్రమాదమే.

యంత్రం మీద ఇలాంటి నిఘానే క్వాలిటీ కంట్రోల్ అంటారు. దీని మూలం ఫ్యాక్టరీల్లో ఉంది. వస్తువుల నాణ్యతను గీతల పటంతో గమనించే పద్ధతిని అమెరికాలో వాల్టర్ షూహార్ట్ 1924లో రూపొందించారు. దాన్ని 1950లో లెవీ, జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్తలు ఆసుపత్రి ల్యాబుల్లోకి తెచ్చారు. విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రవాన్ని రోజూ యంత్రంలో పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని పటం మీద చుక్కగా పెడతారు. మధ్య గీత సగటు. దానికి పైన, కింద ప్రామాణిక విచలనాన్ని బట్టి గీసిన హద్దులు ఉంటాయి. యంత్రం బాగున్నా దాదాపు ఇరవైలో ఒక చుక్క రెండు విచలనాల హద్దు దాటుతుంది. అది సహజం. మూడు విచలనాల హద్దు దాటితే ఆ రోజు ఫలితాలు ఆపాలి. వరుసగా పది చుక్కలు సగటుకు ఒకే పక్కన పడితే, ఏ ఒక్కటీ హద్దు దాటకపోయినా యంత్రం మెల్లగా పక్కకు జరుగుతోందని అర్థం. ఇలాంటి నియమాలను జేమ్స్ వెస్ట్‌గార్డ్ బృందం 1981లో క్రోడీకరించింది.

కాలేజీ అనుబంధ ల్యాబ్‌కు వెళ్లినప్పుడు ఈ పటాలను చూపించమని అడగండి. నిన్నటి చుక్క వరకు ఉంటే అక్కడ పని సక్రమంగా జరుగుతోందని తెలుస్తుంది. చుక్కలన్నీ సరిగ్గా మధ్య గీత మీదే ఉంటే అనుమానించాలి. నిజమైన కొలతలు అంత అందంగా ఉండవు. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే మంచి సూచన. ఐఎస్ఓ 15189 ప్రమాణం ప్రకారం ఇచ్చే ఈ గుర్తింపు కోసం ల్యాబ్ ఇలాంటి రికార్డులు క్రమం తప్పకుండా ఉంచాలి. అయితే అది ల్యాబ్‌కు వచ్చిన గుర్తింపు. కాలేజీకి వచ్చినట్టు ప్రచారం చేస్తే నమ్మవద్దు.

నాలుగో ప్రశ్న: విద్యార్థి భద్రత ఎవరి బాధ్యత?

రక్తంతో పని అంటే సూది గుచ్చుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్-బి విషయంలో టీకా వేయించుకోనివారికి అది 6 నుంచి 30 శాతం వరకు ఉంటుంది. భయపెట్టే ఈ రెండో అంకెకు చక్కటి టీకా ఉంది. మూడు డోసులు ఆరు నెలల్లో పూర్తవుతాయి. కాబట్టి ఆసుపత్రికి పంపే నాటికి టీకా అందాలంటే చేరిన మొదటి నెలలోనే మొదలుపెట్టాలి. వైద్య వ్యర్థాలతో పనిచేసేవారికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. "టీకా ఎప్పుడు వేయిస్తారు? సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి?" అని అడగండి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి. కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు క్షణాల్లో రావాలి.

రేడియాలజీ టెక్నాలజీ వైపు వెళ్లేవారు దీనికి బదులు టీఎల్‌డీ బ్యాడ్జీ గురించి అడగాలి. శరీరానికి ఎంత రేడియేషన్ తగిలిందో అది నమోదు చేస్తుంది. రేడియేషన్‌తో పనిచేసేవారికి అణుశక్తి నియంత్రణ మండలి విధించిన హద్దు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. 16 నుంచి 18 ఏళ్ల శిక్షణార్థులకు ఏడాదికి 6 మాత్రమే. ఇంటర్ అయిన వెంటనే చేరే విద్యార్థుల్లో చాలామంది ఈ వయసువారే. బ్యాడ్జీ ఇవ్వకుండా ఎక్స్‌రే గదిలోకి పంపే చోట ఈ హద్దును కొలిచేవారే ఉండరు.

ఒక రోజు కేటాయించండి

ఈ ప్రశ్నలకు జవాబులు కరపత్రాల్లో దొరకవు. చేరే ముందు విద్యార్థి, తల్లిదండ్రులు కలిసి ఒక పనిదినం ఉదయాన్నే వెళ్లాలి. కాలేజీ ఆఫీసుకన్నా ముందు అనుబంధ ఆసుపత్రి రక్త సేకరణ గది బయట అరగంట కూర్చోవాలి. ఎంతమంది వస్తున్నారో, లోపల విద్యార్థులు పని చేస్తున్నారో గోడకు ఆనుకుని నిలబడ్డారో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత రెండో ఏడాది విద్యార్థులతో మాట్లాడాలి. "పోయిన నెలలో నువ్వు స్వయంగా ఎన్ని రక్తాలు తీశావు బాబూ? ఎన్ని స్లైడులు చూశావు?" అని అడిగితే వారు దాచరు. పాఠాలు చెప్పేవారిలో ల్యాబుల్లో పనిచేసిన అనుభవం ఎందరికి ఉందో, ఏడాది మధ్యలో ఎంతమంది మారిపోయారో కూడా వారికే బాగా తెలుస్తుంది.

ఫీజు మాట్లాడేటప్పుడు ఏడాది ఫీజుతో ఆగకుండా పరీక్ష ఫీజు, యూనిఫాం, ఆసుపత్రి శిక్షణ పేరుతో తీసుకునే మొత్తం, హాస్టల్ అన్నీ కలిపి రాయించుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యా సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. "నూరు శాతం ఉద్యోగం" అనే హామీ ఇస్తే, కిందటి ఏడాది పూర్తి చేసినవారిలో నలుగురు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పమనండి.

మంచి కాలేజీ దొరకాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందేనని లేదు. జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న సాదా కాలేజీలో రోజూ వందల శాంపిళ్ల మధ్య పెరిగిన విద్యార్థి, అద్దాల భవనంలో రెండేళ్లు నోట్సు రాసుకున్నవారికన్నా గట్టిగా తయారవుతాడు.

మొదట్లో చెప్పుకున్న రైతు దగ్గరికి మళ్లీ వెళ్దాం. అదే సేకరణ కేంద్రంలో సరైన శిక్షణ పొందిన అమ్మాయి ఉందనుకుందాం. ఆమె బూడిదరంగు మూత ట్యూబు తీసుకుంటుంది. రక్తం తీశాక ఫ్లోరైడ్ బాగా కలిసేలా ట్యూబును మెల్లగా కొన్నిసార్లు తలకిందులు చేస్తుంది. ట్యూబు మీద పేరు, సమయం రాసి చల్లటి పెట్టెలో పెడుతుంది. మొత్తం రెండు నిమిషాల పని. పది గంటలకు బైకు వచ్చినా ఆ రైతు రిపోర్టు ఆయన జబ్బును దాచదు. కాలేజీని చూడటానికి కేటాయించిన ఆ ఒక్క రోజు ఫలితం ఇలాంటి రెండు నిమిషాల్లో కనిపిస్తుంది.